టీచర్‌కి కోచ్ ఎందుకు? పలక మీద 35, దాని వెనక ఉన్న సైన్స్

"టీచర్లకు కోచింగ్" అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది అవనిగడ్డ. డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే ఆ చిన్న ఊరు అభ్యర్థులతో నిండిపోతుంది. హైదరాబాద్‌లో అయితే దిల్‌సుఖ్‌నగర్. తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటించాక, "కోచింగ్‌కి వెళ్తున్నావా?" అన్న మాట ప్రతి బీఈడీ, డీఈడీ ఇంట్లో వినిపించింది.

ఇక్కడ చెప్పబోయే కోచింగ్ వేరు. అది ఉద్యోగం వచ్చాక, తరగతి గదిలోకి అడుగుపెట్టాక మొదలవుతుంది. మాట ఒకటే కావడంతో విద్యాశాఖ సమావేశాల్లోనూ, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ గందరగోళం పుడుతోంది. "ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక మాకు కోచింగ్ ఏంటి?" అని సీనియర్ టీచర్లు నొచ్చుకుంటున్నారు. వాళ్ల బాధలో అర్థం ఉంది. అందుకే ముందు మాటలను విడదీసుకుందాం.

పరీక్ష, ట్రైనింగ్, కోచింగ్: మూడూ మూడు పనులు

టెట్, డీఎస్సీ పరీక్షలు. టీచర్‌కు ఏం తెలుసో అవి కొలుస్తాయి. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలోగా టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పటి నుంచి స్టాఫ్ రూముల్లో ఆ టెన్షనే. అయితే ఆ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న టీచర్ రేపు నాలుగో తరగతిలో తీసివేత ఎలా చెబుతారో ఆ మార్కులను బట్టి తెలియదు.

ట్రైనింగ్ అంటే టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి కొత్త పద్ధతి వివరించడం. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలని చెప్పింది. అందులో ఎక్కువ భాగం మన దగ్గర మండల, జిల్లా స్థాయి శిక్షణలు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు, ఆన్‌లైన్ కోర్సుల రూపంలోనే నడుస్తోంది.

కోచింగ్‌లో టీచర్ ఎక్కడికీ వెళ్లరు, కోచ్ ఆయన తరగతికి వస్తారు. వెనక కూర్చుని పాఠం చూస్తారు. తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒకే ఒక్క చిన్న మార్పు ఎంచుకుంటారు. దాన్ని అక్కడికక్కడే, ఖాళీ గదిలో, ఒకసారి చేసి చూస్తారు. వారం పది రోజుల తర్వాత కోచ్ మళ్లీ వస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు రజతం గెలిచినప్పుడు కోర్టు పక్కన కుర్చీలో గోపీచంద్ కూర్చున్నారు. ఆమెకు బ్యాడ్మింటన్ రాదని కాదు కదా. ఆడేవాళ్లకు తమ ఆట తమకు కనిపించదు. పాఠం చెప్పేవాళ్లకూ అంతే.

అయితే ఏం చూడాలి, దేన్ని మార్చమనాలి? కోచ్ తన అభిరుచిని టీచర్ మీద రుద్దకుండా ఉండాలంటే ఇద్దరికీ ఒక ఆధారం కావాలి. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా మరచిపోతాడు అన్న పరిశోధనలే ఆ ఆధారం. వాటన్నిటినీ కలిపి నేర్చుకోవడపు సైన్స్ అంటున్నారు. దాన్నిండా పెద్ద మాటలే, కానీ మన బళ్లకు అవసరమైనంత మేరకు రెండు మూడు సంగతులు పట్టుకుంటే చాలు.

'స్త్రీ' అన్న ఒక్క అక్షరం దగ్గర పిల్లవాడు ఎందుకు ఆగిపోతాడు

మెదడులో అప్పటికప్పుడు ఆలోచన నడిచే చోటును వర్కింగ్ మెమరీ అంటారు. అది చాలా ఇరుకు. ఒకేసారి ఏడు సంగతులు, అటూ ఇటూగా రెండు, పట్టుకోగలమని మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ ఆధారాలన్నీ మళ్లీ పరిశీలించి నాలుగుకు మించవన్నారు. దీనికి భిన్నంగా, శాశ్వత జ్ఞాపకానికి ఫలానా చోట నిండిపోతుందన్న హద్దు ఎవరూ చూపలేదు.

ఇప్పుడు రెండో తరగతి పిల్లవాడి ముందు 'స్త్రీ' అన్న మాట పెట్టండి. సకారం, దానికి గుడిదీర్ఘం, కింద తవత్తు, పక్కన క్రావడి. మనకు అది ఒక్క చూపు. వాడికి నాలుగు పనులు. ఆ నాలుగూ కూడదీసుకునేసరికి వర్కింగ్ మెమరీ నిండిపోతుంది, వాక్యం మొదట్లో ఏముందో జారిపోతుంది. "చదివావు కదా, అర్థం చెప్పు" అంటే మొహం వేలాడేస్తాడు. వాడికి తెలివి తక్కువై కాదు, గది చాలక.

ఒత్తులు, గుణింతాలు చూడగానే పలికేంత అలవాటు అయిపోతే, నాలుగు పనులు ఒక మూటగా మారతాయి. మూటను మోయడానికి ఒక్క చెయ్యి చాలు, మిగిలిన చేతులు అర్థం మీద పని చేస్తాయి. మన సంగీత గురువులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాతే గీతాలు. మొదటి రోజే కీర్తన చేతికిచ్చే గురువు ఎవరూ ఉండరు.

1980ల్లో జాన్ స్వెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే పనిచేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు లెక్క ఇచ్చి "నువ్వే చెయ్యి" అనే కన్నా, పూర్తిగా చేసిన లెక్కలు కొన్ని చూపించి, తర్వాత సగం చేసినవి ఇచ్చి, ఆ పైన మొత్తం వాళ్లకే వదిలేస్తే బాగా నేర్చుకుంటారని ఆయన, ఆయన తోటివారు చూపించారు. ఇందులో ఒక మెలిక ఉంది. అప్పటికే బాగా వచ్చిన పిల్లలకు ఇదే పద్ధతి అడ్డమవుతుంది. వచ్చిన లెక్కను మెట్టు మెట్టుగా చూపిస్తుంటే వాళ్ల దృష్టి దానికే ఖర్చవుతుంది. ఒకే తరగతిలో ఒకరికి మందైంది మరొకరికి బరువు కావడం ఇలాగే.

బట్టీ పట్టడం, గుర్తుకు తెచ్చుకోవడం

మన చర్చలన్నీ ఇరుక్కుపోయేది ఇక్కడే. ఎక్కాలు చెప్పించాలా వద్దా అంటే ఒక పక్షం "బట్టీ చదువులే మనల్ని ముంచాయి" అంటుంది. రెండో పక్షం "మా కాలంలో ఇరవై ఎక్కం వరకూ వచ్చు, ఇప్పటి పిల్లలకు ఏడో ఎక్కం రాదు" అంటుంది. ఇద్దరూ మాట్లాడుతున్నది వేర్వేరు విషయాల గురించి.

బట్టీ అంటే అర్థంతో పని లేకుండా మాటల వరసను మింగడం. గుర్తుకు తెచ్చుకోవడం అంటే పుస్తకం మూసి, నేర్చుకున్నదాన్ని లోపలి నుంచి పైకి లాగడం. ఈ రెండో పని జ్ఞాపకాన్ని కేవలం కొలవదు, బలపరుస్తుంది కూడా. దీనికి గట్టి ఆధారం రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు. మిగతావాళ్లు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం మిగిలితే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 మిగిలింది.

పరీక్ష ముందు రాత్రి నోట్సు నాలుగుసార్లు తిరగేసి "అంతా వచ్చేసింది" అనుకునే పిల్లలను ఈ అంకెలతో పాటు గుర్తు తెచ్చుకోండి. మళ్లీ చదివితే పేజీ పరిచయమైనట్టు అనిపిస్తుంది, ఆ పరిచయాన్నే వచ్చినట్టు అనుకుంటాం.

దీనికి తోడు ఎడం, అంటే సాధనను రోజుల మీద పంచడం. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మరపు మొదట్లో వేగంగా, తర్వాత మెల్లగా సాగుతుందని లెక్కగట్టారు. ఒకేరోజు గంటసేపు చేయించేదాన్ని నాలుగు రోజుల్లో పావుగంట చొప్పున పంచితే ఎక్కువ నిలుస్తుందని తర్వాత వచ్చిన పరిశోధనలు పదే పదే చూపాయి. మన సిలబస్ లెక్క మాత్రం దీనికి ఎదురు. జూన్‌లో చెప్పిన యూనిట్ మళ్లీ కనిపించేది టర్మ్ చివరి ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలోనే.

కాబట్టి ఎక్కాల తగువులో నేను మధ్యలో నిలబడను. ఏడు ఎనిమిదులు అంటే ఎనిమిది చొప్పున ఏడు వరసలని బొమ్మ గీసి చూసిన పిల్లకు ఆ తర్వాత 56 తడుముకోకుండా రావాలి. రాకపోతే భాగహారం చేసేటప్పుడు దాని బుర్రంతా ఆ 56 కోసమే వెతుకుతుంది. అర్థం ముందు, ధారాళం తర్వాత, రెండూ కావాలి. 

ఒక నాలుగో తరగతి, ఒక కోచ్, 28 పలకలు

ఇదంతా తరగతిలో ఎలా కనిపిస్తుందో ఒక ఊహా ఉదాహరణ చూద్దాం.

మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతిలో 28 మంది. మేడమ్ దశకం అప్పు తీసుకునే తీసివేత చెబుతున్నారు. నల్లబల్ల మీద 52లోంచి 27 తీసి చూపించారు. చక్కగా వివరించారు, ఓపికగా. చివర్లో "అర్థమైందా?" అన్నారు. "అర్థమైంది టీచర్!" అని గది అంతా మారుమోగింది. మనమంతా ఆ కోరస్‌లో గొంతు కలిపినవాళ్లమే. అర్థం కాకపోయినా కలిపాం, ఒక్కరమే లేచి నిలబడాలంటే భయం కాబట్టి.

వెనక కూర్చున్న కోచ్ ఒకటే లెక్కపెట్టారు. మేడమ్ అడిగిన ప్రశ్నలు పద్నాలుగు. అన్నిటికీ జవాబు చెప్పింది ముందు వరసలోని నలుగురే. 

బెల్లు కొట్టాక కోచ్ మొదట అడిగిన ప్రశ్న: "ఈ లెక్క ఎంతమందికి వచ్చిందనుకుంటున్నారు?" "చాలామందికి వచ్చింది సార్, ఇద్దరు ముగ్గురికి రాదు." "ఎలా తెలుసుకుందాం?" ఆ మాట దగ్గర ఇద్దరూ ఆగారు. గోడ పక్కన బల్ల మీద పలకలు ఉన్నాయి.

ఎంచుకున్న మార్పు అంతే. "అర్థమైందా?" అనడం మానేసి, ఒక లెక్క ఇచ్చి, అందరూ పలక మీద రాశాక, ఒకటి, రెండు, మూడు అనగానే ఒక్కసారి పైకెత్తించడం. వినడానికి తేలిక. చేస్తే తెలుస్తుంది. మూడు అనకముందే ఎత్తేవాళ్లు, పక్కవాడి పలక చూసి దిద్దుకునేవాళ్లు, 28 పలకలను ఐదు సెకన్లలో చదవలేక తికమకపడే టీచర్. అందుకే కోచ్, మేడమ్ మధ్యాహ్నం ఖాళీ గదిలో సాధన చేశారు. ఏ మాటలతో చెప్పాలి, పలకను గుండెలకు ఎప్పుడు ఆనించమనాలి, ఎక్కడ నిలబడితే అన్నీ కనిపిస్తాయి.

మరుసటి రోజు 52లోంచి 27 మళ్లీ ఇచ్చారు. పలకలు లేచాయి. పదిహేను మందివి 25. తొమ్మిది మందివి 35. నలుగురివి వేరే ఏవో.

తొమ్మిది మందీ ఒకే తప్పు చేశారంటే అది అజాగ్రత్త అయి ఉండదు, ఒక నియమం. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి 5 వేశారు, ఐదులోంచి రెండు తీసి 3 వేశారు. వాళ్లకు అంతకు ముందు ఏళ్లలో ఎవరో "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని చెప్పి ఉంటారు. ఒక అంకె లెక్కలకు ఆ నియమం సరిపోయింది. ఇప్పుడు అదే వాళ్లను తప్పు దారి పట్టిస్తోంది. లెక్క మళ్లీ మొదటి నుంచి గట్టిగా చెబితే ఇది పోదు. ఆ నియమం ఎక్కడ విరిగిందో వాళ్లకు కళ్లకు కట్టాలి.

కాగితంతో చేసిన పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు ఇచ్చి, "నాకు 27 రూపాయలు ఇవ్వు" అన్నారు మేడమ్. ఏడు బిళ్లలు కావాలి, రెండే ఉన్నాయి. "నోటు మార్చాలి టీచర్" అన్నది 35 వేసిన పిల్లే. నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. ఏడు పోతే ఐదు, రెండు నోట్లు పోతే రెండు. తర్వాత సగం చేసిన లెక్కలు, ఆ తర్వాత సొంతంగా. వారం తర్వాత, గుణకారం పాఠం మధ్యలో, మళ్లీ ఒక్క తీసివేత పలక మీద.

పలక ఖరీదు ఎంతో మనకు తెలుసు. ఈ కథలో విలువైనది అది కాదు. పిల్లలకు ఏ పద్ధతిలో నేర్పారో మేడమ్‌కు కూడా అదే పద్ధతిలో నేర్పడం విలువైనది. ఒకేసారి పది సూచనలు ఇవ్వకుండా ఒకటే ఇచ్చారు, ఆమె వర్కింగ్ మెమరీ కూడా ఇరుకే కాబట్టి. చెప్పి వదిలేయకుండా చేయించి చూశారు. వారం తర్వాత మళ్లీ వచ్చారు, ఆమె కూడా మరచిపోతారు కాబట్టి. పిల్లలకు ఉపన్యాసం సరిపోదని టీచర్లకు చెప్పే శిక్షణ కార్యక్రమం, ఆ సంగతిని టీచర్లకు రోజంతా ఉపన్యాసంగా వినిపిస్తే దానికి తన మాట మీదే నమ్మకం లేదన్నమాట.

పని చేసిందని ఎక్కడ తేలింది, ఎక్కడ తేలలేదు

ముందు మన ఇంటి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్ద ఎత్తున చేసిన పరిశోధనల్లో ఒకటి 2010లో అచ్చయింది. వంద పల్లె బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు దేనిలో వెనకబడ్డారో వివరంగా టీచర్లకు నివేదిక ఇచ్చారు. అప్పుడప్పుడూ వచ్చి తరగతులు చూశారు. చూడటానికి వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతా బడుల టీచర్ల కన్నా చురుగ్గా బోధించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. 

ఈ ఫలితాన్ని చాలామంది "టీచర్లకు ఇష్టం లేదు" అని చదివారు. అదే పరిశోధకులు మరికొన్ని బడుల్లో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే మార్కులు పెరిగాయి కాబట్టి, ఆ వాదనను కొట్టిపారేయలేం. అయినా ఇంకో కోణం ఉంది. రోగం పేరు రాసిచ్చి మందు చెప్పకపోతే నివేదిక ఫైల్లోనే ఉంటుంది. 35 వేశారని చెప్పడం వేరు, ఎందుకు వేశారో టీచర్‌తో కూర్చుని వెతకడం వేరు.

పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి విషయంలోనూ ఇదే కనిపించింది. పిల్లలను తరగతిని బట్టి కాకుండా వాళ్ల చదువు స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పే పద్ధతి అది. బిహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసిన చోట పెద్దగా ఫలితం రాలేదు. హరియాణాలో ఆ పద్ధతికి రోజూ విడిగా సమయం కేటాయించారు. బడులను చూసుకోవాల్సిన సమన్వయకర్తలు ముందు తామే కొన్ని రోజులు పిల్లలకు ఆ పద్ధతిలో పాఠం చెప్పారు, ఆ తర్వాతే టీచర్లకు తోడుగా వెళ్లారు. అక్కడ పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. తాను చేసి చూడని పనిని ఇంకొకరికి నేర్పలేమన్న మాట ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా రుజువు కాలేదనిపిస్తుంది నాకు.

దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో సూటిగా పోల్చి చూశారు. కొన్ని బడులకు పాఠ ప్రణాళికలతో పాటు ఒకచోట చేర్చి ఇచ్చే శిక్షణ. మరికొన్నిటికి అవే ప్రణాళికలు, కానీ కోచ్ తరగతికి వస్తారు. రెండేళ్ల తర్వాత మాతృభాష సెత్స్వానా చదవడంలో కోచ్ వచ్చిన బడుల పిల్లల లాభం, శిక్షణ బడుల వారి లాభానికి దాదాపు రెట్టింపు. ఖర్చూ ఎక్కువే అయింది. మరి ఫోన్లో, ట్యాబ్‌లో కోచింగ్ ఇస్తే చవకగా పోతుంది కదా అని ఆ దేశంలోనే ఇంకోచోట ప్రయత్నించారు. పిల్లల ఇంగ్లిష్ మాటల్లో కొంత లాభం వచ్చింది, చదవడంలో రాలేదు. బడికి వచ్చిన కోచ్‌ల ఫలితం రెండిటిలోనూ కనిపించింది.

ఇంకా పెద్ద చిత్రం కావాలంటే మాథ్యూ క్రాఫ్ట్ అనే విద్యా పరిశోధకుడు, ఆయన తోటివారు 2018లో 60 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఉంది. వాటిలో చాలావరకు అమెరికావి. కోచింగ్ వల్ల బోధనలో మార్పు గట్టిగానే వచ్చింది. అదే కొలబద్దతో చూస్తే పిల్లల మార్కుల్లో వచ్చిన మార్పు అందులో సగం కూడా లేదు. వందమంది టీచర్లను దాటిన కార్యక్రమాల్లో ప్రభావం బాగా పలచబడింది. కొద్దిమంది మంచి కోచ్‌లతో బాగా నడిచేది, వేల బడులకు విస్తరించేసరికి ఒక ఫారం నింపే పనిగా మారిపోతుందన్నమాట.

'ప్రతి పిల్లవాడికీ' అంటే ఒక్కొక్కరికీ ఒక్కో పాఠమా?

ఇక్కడ ముందు ఒక అపోహ తీసేయాలి. "మా అబ్బాయి చూసి నేర్చుకునే రకం", "మా అమ్మాయి విని నేర్చుకునే రకం" అన్న మాటలు శిక్షణ శిబిరాల్లోనూ వినిపిస్తాయి. పిల్లలను అలా రకాలుగా విడదీసి, ఆ రకానికి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో పాష్లర్, ఆయన తోటి మనస్తత్వ శాస్త్రవేత్తలు సమీక్షించి చెప్పారు. బొమ్మతో చెబితే భిన్నాలు అందరికీ బాగా అర్థమవుతాయి. పద్యం రాగం విని పట్టుకోవాలి, అదీ అందరూ.

పిల్లల మధ్య నిజమైన తేడాలు వేరే చోట ఉన్నాయి. మొదటిది, ఇప్పటికే ఎంత వచ్చు అన్నది. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని పల్లె ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం, ఐదో తరగతిలో 44.8 శాతమే రెండో తరగతి పాఠం చదవగలుగుతున్నారు. అంటే ఐదో తరగతి టీచర్ ముందు నాలుగు తరగతుల స్థాయి పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఉన్నారు. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం ఈ ఖాళీని పూడ్చడానికి వచ్చిందే. స్థాయిని బట్టి గుంపులు చేయడాన్ని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. వెనకబడ్డ గుంపు అన్న ముద్ర ఏళ్ల తరబడి పిల్లలను వెంటాడుతుందని వాళ్ల భయం. అది ఊరికే కొట్టేసే భయం కాదు. గుంపు రోజుకో గంట మాత్రమే ఉండి, కొన్ని వారాలకోసారి కొలిచి మార్చితే ముద్ర పడదు. ఏడాదంతా అదే బెంచీలో కూర్చోబెడితే తప్పకుండా పడుతుంది.

రెండోది భాష. ఉట్నూరులో గోండి, సీతంపేటలో సవర మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. పాఠంలోని విషయం కన్నా ముందు మాటల బరువే వర్కింగ్ మెమరీని ఆక్రమిస్తుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రం గిరిజన మాతృభాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టడానికి ఆధారం ఇదే. ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పాఠ్యపుస్తకాలు వేసింది. ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. అర్థమయ్యే భాషలో పునాది పడితే రెండో భాష కూడా బాగా వస్తుందన్న పరిశోధకుల మాటా నిజమే. ఆ రెండిటి మధ్య నలుగుతున్నది తరగతిలోని టీచర్. ఒక కొత్త భావనను ముందు తెలుగులో పట్టించి, తర్వాత ఇంగ్లిష్ మాటలు తొడగడం ఎలాగో ఆమెకు చూపించే మనిషి కావాలి.

మూడోది వైకల్యాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ఇంకొంచెం బాగా చెబితే సరిపోతుందనుకుంటే ఈ పిల్లలకు అన్యాయం జరుగుతుంది. వీళ్లకు ప్రత్యేక నిపుణులు కావాలి. మండలాల్లోని భవిత కేంద్రాలు ఉన్నది అందుకే. అయితే పలకలు పైకెత్తించే అలవాటున్న టీచర్‌కి, తరచూ అక్షరాలు తారుమారయ్యే పిల్లవాడు ముందుగా కనిపిస్తాడు. కోరస్‌లో వాడు ఎప్పటికీ దొరకడు.

సైన్స్ మీద ఉన్న అభ్యంతరాలు

కాలేజీ విద్యార్థుల మీద గదిలో చేసిన ప్రయోగం, మధ్యాహ్న భోజనం కోసం బడికొచ్చే పిల్లకు ఎంతవరకు వర్తిస్తుందని అడుగుతారు. సరైన ప్రశ్నే. జ్ఞాపకం గురించిన ఫలితాలు బడి పిల్లల్లోనూ చాలాసార్లు నిలిచాయి. కానీ ఆకలి, ఇంట్లో గొడవ, రెండు నెలలు తల్లిదండ్రులతో వలసపోవడం, వీటికి ఏ బోధనా పద్ధతీ జవాబు కాదు.

రెండో తగువు పాతది: చెప్పి నేర్పాలా, పిల్లలే కనుక్కోవాలా? కొత్తవాళ్లకు తక్కువ మార్గదర్శనంతో వదిలేయడం పనిచేయదని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. మరోపక్క మను కపూర్ అనే పరిశోధకుడు, పిల్లలు ముందు కష్టమైన లెక్కతో కుస్తీ పట్టి ఓడిపోయాక వివరణ ఇస్తే కొన్ని సందర్భాల్లో అర్థం లోతుగా దిగుతుందని చూపించారు. జాగ్రత్తగా చదివితే ఇద్దరి మధ్యా అనుకున్నంత దూరం లేదు. కపూర్ పద్ధతిలోనూ చివరికి టీచర్ వివరిస్తారు. అక్షరం రాని పిల్లను అక్షరం కనుక్కోమని ఇద్దరూ అనరు.

కోచ్ వస్తున్నారా, తనిఖీకి వస్తున్నారా

మన బళ్లలో అసలు చిక్కు ఇది. వెనక కుర్చీలో ఎవరైనా కూర్చున్నారంటే టీచర్‌కి గుర్తొచ్చేది తనిఖీ. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు, నోట్సులు, లెసన్ ప్లాన్, సంతకం. కొన్ని బడులను కలిపి చూసుకునే సీఆర్పీలను (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లను) కోచ్‌లుగా మారుద్దామన్న ఆలోచన కాగితం మీద బాగుంటుంది. వాళ్ల రోజులో ఎక్కువ భాగం వివరాలు సేకరించి ఆన్‌లైన్‌లో ఎక్కించడానికే పోతోంది. పైగా వాళ్లలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు. ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచర్‌కి సలహా చెప్పాలంటే వాళ్లకే మొహమాటం.

కెన్యాలో తుసొమె పేరుతో 2015లో దేశమంతా నడిపిన చదువు కార్యక్రమంలో, అప్పటికే ఉన్న ప్రభుత్వ సిబ్బందినే కోచ్‌లుగా మార్చారు. ట్యాబ్‌లో తరగతి పరిశీలన నమోదైతేనే ప్రయాణ భత్యం. దాంతో తరగతులకు వెళ్లడం పెరిగింది. దీన్ని చూసి కొందరు లెక్క, జవాబుదారీ ఉండాల్సిందే అంటారు. టీచర్ సంఘాలు మాత్రం, కోచ్ రాసుకున్నది రేపు మెమోగా తిరిగొస్తుందేమోనని అడుగుతాయి. కోచ్ ఎన్ని బడులకు వెళ్లారన్నది పై అధికారికి తెలియాలి. వెళ్లిన చోట ఏ టీచర్ ఎక్కడ తడబడ్డారన్నది ఆ గది దాటకూడదు. ఈ రెండిటినీ విడదీసి రాతపూర్వకంగా హామీ ఇవ్వని కార్యక్రమంలో ఏ టీచరూ తన కష్టమైన పాఠాన్ని చూపించరు, బాగా వచ్చిన పాఠాన్నే చూపిస్తారు.

ఇక ఏకోపాధ్యాయ బళ్లు. ఐదు తరగతులు, ఒక్క టీచర్, ఆయనతో మాట్లాడటానికి కోచ్‌కి ఖాళీ పావుగంట కూడా దొరకదు. అక్కడ పని చేసే మార్గం ఒకటి ఉంది. కోచ్ వెనక కూర్చోకుండా సుద్దముక్క తానే అందుకుంటారు. టీచర్ వెళ్లి వెనక, గోడ పక్కన, మూడో తరగతి పిల్లల పక్కనే కింద కూర్చుంటారు. రోజూ తాను చూసే మొహాలను మొదటిసారి వెనక నుంచి చూస్తారు. ఎవరు పక్కవాడి పలక చూసి దిద్దుకుంటున్నారో, ఎవరు పెదాలు కదుపుతూ ఏమీ రాయడం లేదో ముందు నిలబడితే కనిపించదు.